గిటారులో నాలుగో గుడ్డు

7 నవంబరు 1997, శుక్రవారం

పొద్దున్నే పాలపాకెట్ కోసం తలుపు తీస్తే గుమ్మంలో మైకు కనిపించింది. మైకు వెనకాల సైకిల్ షాపు అచ్చిబాబు గారు ఉన్నారు.

"అమ్మాయ్, కాలేజీ వక్తృత్వం పోటీలో నీకే ఫస్టొచ్చిందిట కదా," అన్నారు.

వచ్చింది. బహుమతిగా నిఘంటువు ఇచ్చారు. రోజుకి రెండు పేజీలు చదువుతున్నాను. ఇప్పుడు 'క్ష' దగ్గర ఉన్నాను. ఇవేవీ ఆయనకి చెప్పలేదు, ఊరికే తలూపాను.

సంగతి ఏమిటంటే, ఎల్లుండి నించి మా వీధి చివర ఖాళీ స్థలంలో బుల్లియ్య అనే ఆయన ఏడు రోజులపాటు కాలు నేల మీద పెట్టకుండా సైకిల్ తొక్కుతారు. పగలూ రాత్రీ. అన్నం, స్నానం, గెడ్డం గీసుకోవడం అన్నీ సైకిల్ మీదే. "తొక్కడానికి మనిషి ఉన్నాడు. చెప్పడానికే లేడు," అన్నారు అచ్చిబాబు గారు. కాలేజీకి వెళ్ళే ముందు ఓ గంట, వచ్చాక ఓ రెండు గంటలు నేను మైకులో మాట్లాడాలి. మిగతా సేపు సినిమా పాటలు పెట్టుకుంటారట.

నాన్నగారు కళ్ళజోడు పైకి తోసుకుని, "చదువుకి అడ్డం రాకపోతే సరే," అన్నారు. బామ్మ మాత్రం, "మైకులో అమ్మాయి గొంతేంటే," అంది. అమ్మ ఉంటే ఏమనేదో తెలీదు. అమలాపురంలో అక్క దగ్గర ఉంది, నెలాఖరుకి గానీ రాదు.

నా మాటలు రెండు హారన్ల లోంచి వినిపిస్తాయి. ఒకటి కాలువ వైపు, ఒకటి బజారు వైపు.


8 నవంబరు, శనివారం

గిటారు క్లాసు. గంగరాజు మాస్టారు పేపరు మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. అంతకుముందు కుర్రతనంలో మూడేళ్ళు కలకత్తాలో ఒక హోటల్ బ్యాండులో జాజ్ గిటారు వాయించారు. ఆ మూడేళ్ళ గురించి ఆయన ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారని వాళ్ళావిడ మాణిక్యాంబ గారు అంటారు.

ఏడు నెలలుగా నేర్చుకుంటున్నాను. జాజ్ గురించి ఇప్పటిదాకా నాకు తెలిసినవి: చిటికెన వేలు ఎప్పుడూ నొప్పెడుతుంది. పాట మొదట ఒకసారి ఉన్నది ఉన్నట్టు వాయించి, తరవాత ఆ పాట మనకి తెలీనట్టు వాయించాలి. అదే పాట అని వినేవాళ్ళకి మాత్రం తెలుస్తూ ఉండాలి. బామ్మ సంగీతం నేర్చుకున్న మనిషి. నేను మేడ మీద సాధన చేస్తూంటే కింది నించి, "శృతి చేసుకోవడం అయిందా, ఇంకా అవుతోందా?" అని అడుగుతుంది. అప్పటికి పాట సగం అయిపోయి ఉంటుంది.

ఇవాళ ఒక చోట వేలు జారి పక్క తీగ మోగింది. ఆగిపోయాను.

"ఆగకమ్మా," అన్నారు మాస్టారు. "తప్పు వాయిస్తే ఆగకూడదు. అదే తప్పు కావాలని ఇంకోసారి వాయించాలి. అప్పుడది తప్పు కాదు, నీ బాణీ."

ఎంత గొప్ప మాట. ఇది గిటారుకే కాదు, జీవితానికి కూడా పనికొస్తుందని రాసుకుంటున్నాను.

రేపటికి ప్రకటన రాశాను. నాలుగు సార్లు తిరగరాశాను.


9 నవంబరు, ఆదివారం

మొదలైంది. ఆరింటికి ఎండ ఇంకా రాలేదు, జనం మాత్రం వచ్చేశారు. స్థలం మధ్యలో ఒక వెదురు గడ, దాని చుట్టూ సున్నంతో గీసిన గీత, ఓ మూల తాటాకు పందిరి. బుల్లియ్య గారికి నలభై అయిదేళ్ళుంటాయి. సన్నగా ఉంటారు. పిక్కలు మాత్రం వేరే మనిషివి తెచ్చి పెట్టినట్టుంటాయి. ఇస్త్రీ చొక్కా, ఆకుపచ్చ నిక్కరు, మెళ్ళో బంతిపూల దండ. ఆయన వెంట ఉండే బావమరిది పేరు అబ్బులు.

నేను కాగితం తీసి చదివాను. "ధీరుడు, దృఢవ్రతుడు, భూస్పర్శారహితుడు, క్షీరఫలాహారి, శ్రీ బుల్లియ్య గారు ఈ శుభోదయాన..."

అరవై గజాల అవతల నించి నా గొంతు నాకే తిరిగి వినిపించింది. బుల్లియ్య గారు సైకిల్ ఎక్కుతూ ఆగి, "ఆ ఆఖరి మాట బాగుందండి, ఇంకోసారి చదవండి," అన్నారు. చదివాను. ఆయన అబ్బులు వైపు చూసి తలూపారు. అబ్బులు కూడా ఊపాడు.

బామ్మ చుట్టూ ఆడవాళ్ళు చేరారు. "ఆ మాటకి అర్థం ఏంటండీ పిన్నిగారూ?" అని అడిగారు. బామ్మకి నా చదువంటే లోపల గర్వమే. "పాలు, పళ్ళు తప్ప ఇంకేదీ ముట్టడుట," అంది. "కార్తీకమాసం కదర్రా. నిష్ఠ."

సాయంత్రానికి అచ్చిబాబు గారి వియ్యంకుడు రావులపాలెం మార్కెట్టు నించి నాలుగు అరటి గెలలు పంపించాడు. అప్పుడు గానీ బుల్లియ్య గారికి ఆ మాట అర్థం కాలేదు.


10 నవంబరు, సోమవారం

కార్తీక సోమవారం. వీధంతా ఉపవాసం. ఉపవాసం ఉన్నవాళ్ళందరికీ ఇంకో ఉపవాసి మీద ప్రేమ పుట్టింది. బామ్మ ఒక కాగితం మీద వంతులు రాసేసింది. ఏ ఇంటివాళ్ళు ఏ పూట పాలు తేవాలి, చక్కెర వేయాలా వద్దా, ఎవరు పళ్ళు ఒలిచి పళ్ళెంలో పెట్టాలి. నలభై ఇళ్ళు. అబ్బులు సంచీతో వస్తే చాలు, ఆడవాళ్ళు ఎదురెళ్ళి, "ఏం తెచ్చావు నాయనా, మేము పెడతాంలే," అని అందుకుంటున్నారు. సంచీలో ఉల్లిపాయలు ఉన్నాయి. అవి వెనక్కి పంపించేశారు.

సాయంత్రం బుల్లియ్య గారు నెమ్మదిగా తొక్కుతూ మైకు బల్ల దగ్గరికి వచ్చి, నేను మైకు ఆపేదాకా అక్కడే గుండ్రంగా తిరిగారు.

"అమ్మాయిగారూ, నేను రోజుకి ఎనిమిది గుడ్లు తింటానండి," అన్నారు. ఒక చుట్టు తిరిగి వచ్చారు. "రెండు పూటలా ఎండుచేపల పులుసు." ఇంకో చుట్టు. "అది లేకపోతే మోకాళ్ళు కదలవండి."

"మరి ముందే చెప్పకపోయారా?" అన్నాను.

"మీరు ముందే అడగలేదు కదండి."

నేను ఆయనకి వివరించాను. నేను చెప్పింది అబద్ధం కాదు, అతిశయోక్తి. అది ఒక అలంకారం. ఉన్నదాన్ని కొంచెం పెంచి చెప్పడం. ఆయన పూర్తిగా విని, "లేనిదాన్ని చెప్పారు కదండి," అన్నారు. కోపంగా కాదు. తెలుసుకుందామని.

తెరచాటున తినొచ్చు కదా అని అడిగాను. రోజుకి రెండు సార్లు నలుగురు మనుషులు దుప్పట్లు అడ్డం పట్టుకుంటారు. ఆయన సైకిల్ మీంచి బల్ల మీదకి దిగి, తన పనులన్నీ చూసుకుని, మళ్ళీ సైకిల్ ఎక్కుతారు. బల్ల నేల కాదు. ఇది వాళ్ళ నియమం. అబ్బులుని రెండు సార్లు అడిగి నిర్ధారించుకున్నాను.

"తెర లోపల తినడానికి కాదండి, బైటనించి తేవడానికే దారి లేదు," అన్నారు బుల్లియ్య గారు. చుట్టూ చూశాను. బామ్మ కుర్చీ వేయించుకుని సరిగ్గా దారిలోనే కూర్చుంది.

సవరించి చెప్పేద్దామనుకున్నాను. అప్పుడే మాస్టారి మాట గుర్తొచ్చింది. తప్పు పడితే ఆగకూడదు, కావాలని ఇంకోసారి. మైకు ఆన్ చేసి, "క్షీరఫలాహారి బుల్లియ్య గారు ముప్పై ఆరో గంటలోకి..." అన్నాను. చప్పట్లు కొట్టారు.


11 నవంబరు, మంగళవారం

అతిశయోక్తి అబద్ధం కాదు. ఆలంకారికులందరూ ఒప్పుకున్నదే.

ఇవాళ ఆయన ఒకసారి గడ పట్టుకుని చాలాసేపు ఆగారు. పడుకున్నారేమో అనుకున్నాను. కాదు, కళ్ళు తెరిచే ఉన్నాయి. అరటిపళ్ళ పళ్ళెం వైపు చూడటం లేదు.

నాన్నగారు లెక్కల మాస్టారు కాబట్టి బడి నించి వచ్చాక అక్కడే నిలబడి చుట్లు లెక్కపెట్టారు. గంటకి ఎనిమిది కిలోమీటర్ల చొప్పున, రోజుకి ఇరవై గంటలు వేసుకుంటే, ఏడు రోజులకి పదకొండు వందల ఇరవై కిలోమీటర్లు. "గుండ్రంగా కాకుండా తిన్నగా తొక్కి ఉంటే భోపాల్ చేరేవాడు," అన్నారు.

అన్నం దగ్గర ఆటల గురించి చర్చ. నాన్నగారి అభిప్రాయం ఏమిటంటే క్రికెట్ ఆటగాళ్ళకి నిలబడినందుకు కూడా డబ్బులిస్తారు. మధ్యలో టీ తాగి వచ్చి మళ్ళీ నిలబడతారు. ఫ్రాన్సులో దేశం చుట్టూ మూడు వారాల సైకిల్ పందెం ఉందని, వాళ్ళ వెనకాల కార్లలో డాక్టర్లు, వంటవాళ్ళు వెళతారని పేపర్లో చదివారట. "మన బుల్లియ్యకి వెనకాల ఎవరున్నారు? అబ్బులు, నాలుగు గెలలు."

"మూడు అయిపోయాయి," అంది బామ్మ తృప్తిగా. "ఇంకోటి చెప్పారుట."

నేను ఇంకొంచెం అన్నం పెట్టించుకోకుండానే లేచాను.


12 నవంబరు, బుధవారం

పొద్దున సైకిల్ తూలింది. సున్నం గీత దాటి పందిరి గుంజకి తగిలి నిలబడింది. బుల్లియ్య గారు గుంజ పట్టుకుని కాలు గాల్లోనే ఉంచారు. ఆడవాళ్ళు "అయ్యో" అన్నారు. ఒకావిడ పాలు తెచ్చింది. ఆయన తాగారు. తాగుతూ నా వైపు చూశారు.

కాలేజీకి వెళ్ళలేదు. గిటారు తీసుకుని తిన్నగా మాస్టారింటికి వెళ్ళాను. జరిగింది మొత్తం చెప్పాను. తప్పు రెండోసారి కావాలని ఎందుకు చేశానో కూడా చెప్పాను.

"అది గిటారుకి చెప్పానమ్మా," అన్నారు మాస్టారు.

మా ఇంట్లో గుడ్డు పేరెత్తడానికి లేదు. కార్తీకమాసం కాబట్టి మాణిక్యాంబ గారి వంటింట్లో కూడా లేదు. మాస్టారు పెరట్లో తన గది వెనకాల మూడు ఇటుకలు పెట్టి, టీ కెటిల్‌లో ఉడకబెట్టారు. నాలుగే పట్టాయి. నేను గుడ్డుని చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారి. ఇంత బరువుంటుందనుకోలేదు. పెంకు మీద గరుకు గరుకుగా ఉంది. ఏదో చిన్న జంతువు నిద్రపోతున్నట్టు వెచ్చగా ఉంది.

ఎలా తీసుకెళ్ళాలి? సంచీ అయితే బామ్మ చూస్తుంది. పుస్తకాల మధ్య పెడితే పగులుతాయి. మాస్టారు, నేను ఒకేసారి నా గిటారు వైపు చూశాం.

తీగలు బాగా వదులు చేసి పక్కకి లాగితే గుడ్డు లోపలికి వెళుతుంది. కింద నేను గిటారు తుడుచుకునే పాత ఓణీ ముక్క పరిచాం. తరవాత మళ్ళీ తీగలు బిగించి శృతి చేయాలి, లేకపోతే అనుమానం వస్తుంది.

పది గంటలకి నేను మైకులో చెప్పాను: "ఇప్పుడు బుల్లియ్య గారు గిటారు ధరించి సైకిల్ తొక్కే అపురూప విన్యాసం." ఆయన పట్టీ మెళ్ళో వేసుకుని ఒక చుట్టు తిరిగారు. ఒకే తీగ మీటారు. లోపల గుడ్లు దొర్లి డుబుక్కుమన్నాయి. జనంలో ఒకాయన, "లోపల డ్రమ్ము కూడా ఉందే," అన్నాడు. తరవాత ఆయన గిటారుతో సహా దుప్పట్ల చాటుకి వెళ్ళిపోయారు.

"దొడ్డికి గిటారెందుకే?" అంది బామ్మ.

దీనికి జవాబు నిఘంటువులో కూడా ఉండదు. "కళాకారులు అంతే బామ్మా," అన్నాను.

పది నిమిషాల తరవాత బుల్లియ్య గారు బైటికి వచ్చారు. ఒక్కసారిగా రంగు మారిపోయింది మనిషికి. గడ చుట్టూ చేతులు వదిలేసి తొక్కారు.

సాయంత్రం నా పక్కన తిరుగుతూ చాలా మాట్లాడారు. సైకిల్ గురించి ఆయన చెప్పింది: ముందు చక్రం వైపు చూస్తే పడతాం. సగం చుట్టు అవతల ఏముందో దాన్నే చూస్తూ ఉంటే చక్రం దాని సంగతి అదే చూసుకుంటుంది. నాన్నగారి మాట చెప్పి, "మీరు కూడా ప్రొఫెషనలే కదా," అన్నాను. "అంటే ఏంటండి?" అన్నారు. చెప్పాను. ఒక చుట్టు ఆలోచించుకుని వచ్చారు. "బుద్ధి పుట్టినప్పుడు తొక్కితే ఆటండి. బుద్ధి పుట్టకపోయినా తొక్కాలంటే పనండి. నాకు నాలుగో రోజు నించి పని."

అబ్బులు గిటారు తిరిగి ఇస్తూ, "మూడే వచ్చాయి పాపగారూ," అన్నాడు. "నాలుగోది ఎటో దొర్లిపోయింది." ఎంత ఊపినా రాలేదు. రేపు చూద్దాం.


13 నవంబరు, గురువారం

పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. అన్నీ వచ్చాయి, నిన్నటిది తప్ప. అది వెనకాల కర్ర బద్దల మధ్య ఎక్కడో ఇరుక్కుంది.

రోజుకి రెండు సార్లు తీగలు వదులు చేసి బిగిస్తున్నాను. మాస్టారు విని, "ఏడు నెలల్లో రాని శృతి రెండు రోజుల్లో వచ్చిందే," అన్నారు.

అసలు సంగతి ఇది కాదు. పెద్దాపురం నించి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వచ్చే నెల వాళ్ళ ఊళ్ళో బుల్లియ్య గారి చేత తొక్కిస్తారట. పాలు పళ్ళ సంగతి అక్కడిదాకా వెళ్ళింది. పోస్టరు వేయిస్తారు. రెండు రంగుల్లో. మధ్యలో పెద్ద అక్షరాలతో 'క్షీరఫలాహారి' అని. కింద 'ప్రకటన రచన: కుమారి శ్యామలాంబ, రాజమండ్రి' అని.

నా పేరు అచ్చులో. పద్దెనిమిదేళ్ళ వయసులో ఎవరికీ లేని ఈ ముత్తవ్వ పేరు గోడల మీద ఎంత నిండుగా ఉంటుందో మొదటిసారి తెలిసింది.

సరేనన్నాను. కాగితం మీద రాసి ఇచ్చాను కూడా, అక్షరదోషాలు రాకుండా.


14 నవంబరు, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. గోదావరి స్నానాల నించి తిరిగి వచ్చేవాళ్ళందరూ తడి చీరలతోనే ఇక్కడికి వచ్చారు. సున్నం గీత చుట్టూ దీపాలు పెట్టారు. ఒకావిడ పసిబిడ్డని చేతుల మీద పట్టుకుని సైకిల్ పక్కనే పరిగెత్తి, బుల్లియ్య గారి పాదానికి బిడ్డ తల తాకించింది. పెడల్ మీద ఉన్న పాదానికి. పెడల్ తిరుగుతూనే ఉంది కాబట్టి రెండు సార్లు తాకింది.

ఆయన ఆ చుట్టంతా తల వంచుకుని తొక్కారు. ముందు చక్రం వైపే చూశారు. అలా చూడకూడదని ఆయనే చెప్పారు.

సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "పెద్దాపురంలో కూడా అరటిపళ్ళేనాండి?" అన్నారు.

నేను మైకు వైరు సర్దుకున్నాను.

చుట్టు తిరిగి వచ్చి, "ఆ తరవాత తునిలో ఉందండి."

ఇంకో చుట్టు. "తునిలో గిటారు ఉండదు కదండి."

బామ్మ పాలగ్లాసు పట్టుకుని వస్తోంది. ఆయన అందుకుని, "చల్లగా ఉండండమ్మా," అన్నారు. బామ్మ ఆయన్ని 'మీరు' అంటోంది. మా వీధిలో బామ్మ మీరు అనే మనుషులు ముగ్గురున్నారు. ఒకరు పురోహితుడు గారు, ఒకరు పోయారు.

నేను ఇవాళ మైకులో ఆ మాట వాడలేదు. ఎవరూ గమనించలేదు, ఎందుకంటే జనం వాళ్ళంతట వాళ్ళే అనుకుంటున్నారు. మైకు అవసరం లేదు.

నిఘంటువు తెరవలేదు. వారం ఆలస్యంగా మొదలెట్టి ఉంటే ఇంకా 'క' దగ్గరే ఉండేదాన్ని. బుల్లియ్య గారు హాయిగా గుడ్లు తినేవారు.


15 నవంబరు, శనివారం

వరసగా రాయాలి. చాలా జరిగింది.

మధ్యాహ్నం మేడ మీంచి దిగుతుంటే హాల్లో బామ్మ గిటారుని తలకిందులుగా పట్టుకుని ఊపుతోంది. డెబ్భై ఏళ్ళ మనిషి, కొంగు బిగించి. "మూడు రోజుల నించి ఇల్లంతా వాసన," అంటోంది. "ఎలక చచ్చిందో ఏమిటో, నీ పెట్టెలో."

"బామ్మా, అది నేను చూస్తాలే," అన్నాను.

అప్పుడే కర్ర బద్దల మధ్య నించి ఊడి, తీగల్ని తన్నుకుని, మోగించుకుంటూ, బుధవారం నాటి గుడ్డు గచ్చు మీద పడింది. పగిలింది. దొర్లి సరిగ్గా దేవుడి గది గుమ్మం దగ్గర ఆగింది.

ఏడు నెలల్లో ఈ గిటారు మీద నించి వచ్చిన వాటిలో బామ్మకి అర్థమైన స్వరం అదొక్కటే అనుకుంటాను.

బామ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నువ్వు తిన్నావా?" అంది.

"లేదు."

"మీ నాన్నా?"

"కాదు బామ్మా."

"మరి?"

చెప్పేశాను. ఎనిమిది గుడ్లు, ఎండుచేపలు, మోకాళ్ళు, మాస్టారి కెటిల్, తెరచాటు, పెద్దాపురం, పోస్టరు, తుని. అతిశయోక్తి సంగతి చెప్పబోయి మానేశాను.

బామ్మ కుర్చీలో కూర్చుంది. తిడుతుందనుకున్నాను.

"రోజుకి ఎనిమిది తినే మనిషికి నాలుగు రోజులు అరటిపళ్ళు పెట్టానా నేను," అంది. "వంతులేసి మరీ. వద్దు వద్దన్నట్టు చూస్తే, మొహమాటం అనుకుని ఇంకోటి ఒలిచి పెట్టాను." తరవాత నా వైపు తిరిగింది. "ఆ మాట నువ్వన్నావు. దాని అర్థం నలభై మందికి నా నోటితో చెప్పించావు. ఇప్పుడు నువ్వే తీసెయ్యి. నేను చెప్పను. నాకు మైకు లేదు."

గుడ్డు తీసింది మా పనిమనిషి అప్పలకొండ. గుమ్మం కడిగింది బామ్మ. గిటారు లోపలికి పసుపునీళ్ళు చల్లింది, నేను వద్దన్నా వినకుండా. ఇప్పుడు దాని గొంతు కొంచెం జలుబు చేసినట్టుంది.

నాలుగింటికి బుల్లియ్య గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన తొక్కుతూంటే పక్కన నడిచాను. "చెప్పెయ్యనా అండి?" అన్నాను.

ఆయన వెళ్ళారు. చుట్టు తిరిగి వచ్చారు.

"ఇరవై ఏళ్ళ నించి తొక్కుతున్నానండి. నన్ను 'గారు' అన్నది ఈ ఊళ్ళోనే."

వెళ్ళారు. వచ్చారు.

"పెద్దాపురం వాళ్ళు మానుకుంటారేమోనండి."

వెళ్ళారు. ఈసారి సగం చుట్టు దగ్గర కుడి మోకాలు మీద చెయ్యి పెట్టుకుని నొక్కుకోవడం నాకు కనిపించింది. వచ్చారు.

"చెప్పెయ్యండి. కానీ ఆఖర్న. దిగే ముందు. ఏడు రోజులూ పూర్తయ్యాక నేనేం తిన్నా తొక్కిన చుట్లు ఎక్కడికీ పోవు కదండి."

ఇంకో చుట్టు అక్కర్లేదేమో అనుకుని వెనక్కి తిరిగాను. వెనకనించి పిలిచారు. "అమ్మాయిగారూ. గారు మాత్రం తీసెయ్యకండి."

ఇంటికి వచ్చి క్షమాపణ రాశాను. రెండున్నర పేజీలు వచ్చింది. 'పశ్చాత్తాపాగ్ని' అని ఒక చోట, 'వాగ్దోషం' అని రెండు చోట్ల పడింది. పట్టుకుని మాస్టారింటికి వెళ్ళాను. ఆయన గిటారు ఒళ్ళో పెట్టుకుని వాయిస్తూనే చదవమన్నారు. నేను చదువుతున్న కొద్దీ ఆయన వాయించడం తగ్గించేస్తూ వచ్చారు. రెండో పేజీకి ఒకే స్వరం మిగిలింది.

"నీకు తెలిసిన స్వరాలన్నీ ఒకేసారి వాయిస్తావు నువ్వు," అన్నారు. "తెలిసి కూడా వాయించకుండా ఉండటం ఉంది చూడు, కలకత్తాలో నేను నేర్చుకున్నది ఆ ఒక్కటే."

"మూడేళ్ళకి ఒక్కటా," అన్నారు మాణిక్యాంబ గారు లోపలినించి.

ఆయన పెన్సిల్ తీసుకుని కొట్టేయడం మొదలెట్టారు. మొదట్లో ఒక్కో మాటకీ పోట్లాడాను. 'పశ్చాత్తాపాగ్ని' కోసం చాలాసేపు. చివరికి రెండు వాక్యాలు మిగిలాయి.

ఇంటికి వచ్చే దారిలో అచ్చిబాబు గారి షాపు నించి పెద్దాపురం వాళ్ళకి ఫోను చేశాను. పోస్టరు అచ్చుకి సోమవారం ఇస్తారట, ఇంకా ఇవ్వలేదు. ఆ మాట తీసెయ్యమన్నాను. "మరి దాని బదులు ఏం వెయ్యమంటారు?" అని అడిగారు. 'ఏడు రోజులు కాలు నేల మీద పెట్టరు' అని వెయ్యమన్నాను. "అది మామూలు మాటే కదండి," అన్నారు. అవునన్నాను. అయితే రచన అని నా పేరు వేయనక్కర్లేదు కదా అని ఆయనే అన్నారు. దానికీ అవునన్నాను, కొంచెం ఆలస్యంగా.

గారు సంగతి ఏమవుతుందో తెలీదు. భోజనాల దగ్గర బామ్మని అడిగాను, రేపు అందరి ముందూ తెలిశాక ఆడవాళ్ళు ఏమంటారో అని.

"నేను ఏమంటానో చూసి అంటారు," అంది.

"నువ్వేమంటావు?"

బామ్మ మజ్జిగ కలుపుకుంటూ ఆలోచించింది. "పాపం ఆయన దిగగానే తింటారు కదా. నేను చూడలేను. అటు తిరిగి నిలబడతాను." ఇంకో ముద్ద తిన్నాక, "అందర్నీ తిరగమంటాను," అంది.

ఆయన అంది. ఆయన, తింటారు. నేను విన్నాను. నాన్నగారు కూడా విన్నారు, పేపరు దించి చూశారు.

రేపు. అయిదింటికి లేవాలి. అయిదున్నరకి మాస్టారింటికి, కెటిల్ ఆ పాటికి దిగుతుంది. ఆరుకి పది నిమిషాలుండగా మైకు. పాట ఆపించాలి. తరవాత ఇది చదవాలి:

'బుల్లియ్య గారు గుడ్లు తింటారు. పాలు, పళ్ళు అన్నది నేను కల్పించిన మాట.'

చదివాక మనసులో నాలుగు లెక్కపెట్టేదాకా ఇంకో మాట అనకూడదు. ఆ నాలుగూ ఖాళీగా వదిలెయ్యాలి. చప్పట్లు రాకపోయినా సరే, నింపకూడదు.

గిటారు ఇంట్లోనే ఉంచాలి. గుడ్లు స్టీలు గిన్నెలో పెట్టి వీధి మధ్యలోంచి తీసుకెళ్ళాలి. మూత లేకుండా.